మూడోకీ సారికీ మధ్య

వెబ్‌సైట్లు రాసే పాత కంప్యూటర్ భాష పీహెచ్‌పీ మాకు చాలని నాకు ఆ రోజే తెలుసు. జూలూరుపాడులో మా రైతు సంఘం షెడ్డు కింద అందరి ముందు నిలబడి "అది ఈ బరువు మోయలేదు" అని చెప్పినప్పుడు కూడా తెలుసు. తెలిసిన మాట లోపల ఉంచుకుని, తెలియని భాష పేరు బయటికి చెప్పాను. దాని ఫలితం మా వదిన అనుభవించింది. ఆమె పాట మింగిందని దమ్మపేట వైపు ఇంకా అంటున్నారట. నేను నోరు విప్పిన రోజున షెడ్డు దగ్గర లేనివాళ్ల కోసం, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

వేలాన్ని మా దగ్గర పాట అంటారు. ఎండాకాలం, పంటలు ఇళ్లకు చేరాక, సంఘంలోని వాళ్లు తమకు అక్కర్లేని వస్తువులు షెడ్డు దగ్గరికి తెచ్చి పాటకు పెడతారు. పాత మోటార్లు, ఎడ్లు, మేకలు, మందు కొట్టే పంపులు. సంఘం జాగాలో ఉన్న చింతచెట్ల కాపు కూడా పాటలోనే పోతుంది. పాట పలికేది మా నాన్న తమ్ముడు, మా కాక. ఆయన ఒకటోసారి, రెండోసారి గబగబా అనేస్తాడు. మూడోసారి మాత్రం ఒక్క ఊపిరిలో అనడు. "మూడో..." అని ఆపి షెడ్డంతా కలియజూస్తాడు. బీడీ ముట్టిస్తున్నవాణ్ని చూస్తాడు, మొఖం చాటేసి వెళ్లిపోతున్నవాణ్ని చూస్తాడు. పెంచాలనుకున్నవాడికి అదే ఆఖరి అదను. "సారి" అన్నాకే సరుకు పోయినట్టు. మూడోకీ సారికీ మధ్య ఎంతసేపన్నది ఎక్కడా రాసిలేదు. ఎవరి ముఖంలోనైనా ఇంకా ఆశ కనబడితే కాక ఆగుతాడు, అంతే.

ఖమ్మంలో, కొత్తగూడెంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు పాట రోజున రాలేకపోతున్నారు. అడవి పక్క గూడేలవాళ్లకు ఒక రోజు కూలి వదులుకుని రావడం కష్టం. ఫోన్లోనే పాడుకునేలా ఒక వెబ్‌సైట్ చేద్దామన్న మాట అలా పుట్టింది. సంఘంలో కోడ్ రాయడం వచ్చినవాళ్లం ఇద్దరమే. ఖమ్మంలో కిరాయి ఇంట్లో ఉంటూ హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే నేనొకణ్ని. రెండో మనిషి మా అన్న భార్య. ఆమెది సత్తుపల్లి వైపు, మాట కొంచెం కోస్తా వైపు ఒరుగుతుంది. పెళ్లికి ముందు ఖమ్మంలో కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసులో పీహెచ్‌పీ రాసేది. ఇప్పుడు జూలూరుపాడులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు పెట్టుకుని ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది. పట్టా కాగితాలకైనా, హాల్‌టికెట్లకైనా చుట్టుపక్కల అందరూ ఆమె దగ్గరికే పోయేవాళ్లు.

వెబ్‌సైట్‌కు రెండు వైపులుంటాయి. ఫోన్లో కంటికి కనబడేది ఒకటి. ఎక్కడో సర్వర్ మీద కూర్చుని ఎవరు ముందు పాడారు, ఎవరిది పెద్ద పాట, ఎప్పుడు మూయాలి అని తేల్చేది రెండోది. ఆ రెండో వైపు ఏ భాషలో రాయాలన్నదే ఆ రోజు షెడ్డు కింద మా మీటింగు.

వదిన ఊరికే రాలేదు. పీహెచ్‌పీలో ఒక నమూనా చేసి ల్యాప్‌టాప్‌లో పట్టుకొచ్చింది. పైన ఎద్దు బొమ్మ, దాని కింద ఇప్పటిదాకా వచ్చిన పెద్ద పాట. కాకకు మాత్రమే కనబడే ఒక బటన్ కూడా పెట్టింది. కాక కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"సారీ అని రాసినవేందమ్మా? నేనెవలకు చెప్పాలె సారీ?"

"సారీ కాదు మామయ్యా, సారి. మీరు నోటితో అనేదే. మీరు అది నొక్కేదాకా పాట మూసుకోదు."

షెడ్డంతా నవ్వింది. కాక ఆ బటన్ మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగి, "మూడో..." అని సాగదీశాడు. మళ్లీ నవ్వులు. ఆ బటన్ అందరికీ నచ్చిందని నాకు అర్థమైంది. ఇంకొంచెం ఆలస్యమైతే పని ఆమెకే పోతుంది.

"వదినా, ఇది కాలేజీ పిల్లల ప్రాజెక్టు లెక్కుంది," అన్నాను. "ఒక్కసారే వెయ్యి మంది పాడితే ఏం జేస్తవ్? పీహెచ్‌పీ ఈ బరువు మోయలేదు. గో అని కొత్త భాష ఉంది. పెద్ద పెద్ద కంపెనీలన్నీ దాంట్లనే రాస్తున్నయ్."

"వెయ్యి మంది ఎక్కడున్నారు మరిదీ మనకి? ఎడ్లు కొనేవాళ్లని నేను కూర్చున్నచోటి నుంచి పేర్లు పెట్టి పిలుస్తాను."

"గో అంటే ఏందిరా?" అన్నాడు కాక. "ఆవా, పొమ్మనా?"

"రెండూ కాదు కాకా, భాష పేరు."

వెనక నుంచి ఎవరో, "ఆవైతే పాటకు పెడ్దుము గదా," అన్నారు.

వదిన మాత్రం నవ్వలేదు. "ఆ భాష మన దగ్గర ఇంకెవరికైనా వచ్చా? రేపు నువ్వు పనిలో ఉంటే దీన్ని ఎవరు చూస్తారు?"

"నేనున్నగా వదినా," అన్నాను.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నోడు చెప్తుంటే, వానికి తెల్వదా అన్నారు పెద్దమనుషులు. వదిన ల్యాప్‌టాప్ మూసేసింది.

నిజానికి ఆ భాష నాకూ రాదు. అప్పుడే నేర్చుకుంటున్నాను. మా కంపెనీలో నేను ఏళ్లుగా చేస్తున్న పాత పని ముగింపుకొచ్చింది. కొత్త ప్రాజెక్టులన్నీ గోలోనే ఉంటాయని, దాంట్లో నిజంగా నడిచేదేదైనా చేసి చూపిస్తేనే తీసుకుంటామని మేనేజరు చెప్పాడు. నా వయసువాళ్లు అప్పటికే ఒక్కొక్కరుగా బయటికి పోతున్నారు. నాకు చూపించడానికి ఒకటి కావాలి. సంఘం వెబ్‌సైట్ దొరికింది. సంఘానికి ఏం కావాలో చూసి భాషను ఎంచలేదు నేను, నాకు ఏం కావాలో చూసి ఎంచాను.

వదిన బటన్‌ను కూడా తీసేశాను. కాక వేలు కోసం వెబ్‌సైట్ కాచుకుని కూర్చోవడమేమిటని, దాని బదులు గడియారం పెట్టాను. కొత్త పాట రాకుండా కొంతసేపు గడిస్తే ఒకటోసారి, ఇంకొంతసేపటికి రెండోసారి, ఆ తర్వాత మూడోసారి వాటంతటవే పడతాయి. మూడోకీ సారికీ మధ్య ఉండే ఆ జాగా నా కోడ్‌లో లేదు.

ఎండాకాలం దాకా ఆగకుండా ఎప్పటి వస్తువులు అప్పుడే వెబ్‌సైట్‌లో పాటకు పెట్టడం మొదలైంది, మొదటి నెలల్లో బాగానే నడిచింది. వస్తువుల ఫొటోలు, వివరాలు ఎక్కించే పని వదిన చేసేది. ఫోన్లు వాడటం రానివాళ్లు ఆమె సెంటర్‌కు వచ్చి చెబితే వాళ్ల తరఫున పాట కూడా ఆమే కొట్టేది. ఒకసారి మేకను పొరపాటున ఎడ్ల కింద ఎక్కించింది. కారేపల్లి నుంచి ఒకాయన దుక్కికి పనికొస్తదా అని ఫోన్ చేశాడు. చాన్నాళ్లు అందరూ నవ్వుకున్నారు. దాన్ని దిద్దడానికి కూడా ఆమె నాకే ఫోన్ చేయాల్సొచ్చింది, ఎందుకంటే లోపలి భాష ఆమెకు రాదు. ఎవరికీ రాదు. ఫొటో తిరగబడితే నాకే ఫోన్, పేరు తప్పుపడితే నాకే ఫోన్. ఆఫీసు మీటింగులో ఉన్నానంటే, "నేనున్నగా అన్నవ్ గదరా, ఉండు మరి," అనేవాడు కాక. చెల్లెలి బిడ్డ పెళ్లిలో అక్షింతలు చేతిలో పట్టుకుని మండపం వెనక్కి పోయి ఆగిపోయిన సర్వర్‌ను లేపిన రోజు కూడా ఉంది. ఇంకొకరికి అప్పజెబుదామంటే చుట్టుపక్కల కాలేజీల్లో చదివినవాళ్లందరికీ వచ్చింది పీహెచ్‌పీ, జావా. గో చూడగానే తలలు అడ్డంగా ఊపేవాళ్లు. తాళం నేనే కొన్నాను, తాళంచెవి నా మెడకే కట్టుకున్నాను.

ఎండాకాలంలో చింతకాపు పాట వచ్చింది. అడవి అంచున ఉన్న ఒక గూడెం ఆడవాళ్లు గ్రూపుగా చేరి ఏటా ఆ కాపు పాడుకునేవాళ్లు. కాయ రాల్చి, పిక్క తీసి, చింతపండు అమ్ముకుంటే వానలు పడేదాకా వాళ్లకదే ఆధారం. వాళ్ల గూడెంలో సిగ్నల్ ఉండదు. పొద్దున్నే నడిచొచ్చి వదిన సెంటర్లో బల్ల మీద కూర్చున్నారు. ఎదురు పాడుతున్నది ఖమ్మంలో ఒక సేటు, ఫోన్లో. నేను ఇంట్లో కూర్చుని నా తెర మీద చూస్తున్నాను.

సేటు పెంచాడు. ఒకటోసారి పడింది, రెండోసారి పడింది. సెంటర్లో ఏం జరిగిందో తర్వాత వదిన చెప్పింది. ఆ ఆడవాళ్లు తమ భాషలో గబగబా మాట్లాడుకున్నారట. గ్రూపు పెద్దామె వదిన వైపు తిరిగి, "పెంచక్కా, ఇంకొంచెం పెంచు," అన్నది. వదిన కొట్టింది. పాట అందింది అని తెర మీద పడింది. అంతలోనే పేజీ మారి, పాట ముగిసింది అంటూ సేటు పేరొచ్చింది.

"మా పాట ఏమైందక్కా?"

"కొట్టాను. అందిందని కూడా వచ్చింది, చూశారుగా."

"మాకేం కనబడలే. మేం చెప్పంగనే కొట్టలే నువ్వు. ఆ సేటు కోసం ఆగినవ్."

"నాకేం పనమ్మా సేటుతో? ఆయన మొహం కూడా చూడలేదు నేను."

బయట టీ బండి దగ్గర నిలబడ్డ ఒకాయన, "మేకను ఎద్దును జేసిన ఆమెకు మీ పాట మింగుడొక లెక్కనా!" అన్నాడు. నవ్వు కోసమే అని ఉంటాడు. పాట మింగింది అన్న మాట అక్కడే పుట్టింది.

నేను ఆ మధ్యాహ్నమే నా కంప్యూటర్‌లో అదే పాటను మళ్లీ నడిపించాను. రెండు పేర్లు పెట్టుకుని, చివరి క్షణంలో రెండో పేరుతో పాట పెంచి చూశాను. కొన్నిసార్లు బాగానే వచ్చింది. మళ్లీ చేస్తే సరిగ్గా వదినకు జరిగినట్టే జరిగింది. అందింది అన్నది, మింగేసింది. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. నా కోడ్‌లో రెండు పనులు పక్కపక్కనే నడుస్తుంటాయి. ఒకటి పాటలు అందుకునేది, ఇంకొకటి గడియారం చూసి మూసేది. ఒకటి చేయి పెట్టినప్పుడు రెండోది ఆగేలా మధ్యలో తాళం వేయాలి. ఆ భాషలో మొదట నేర్చుకోవాల్సిన జాగ్రత్త అదే. నేను వేయలేదు. వదిన పాటను ఒకటి అందుకుంటుండగానే, రెండోది పాత పాటను చూసుకుని తలుపు మూసేసింది.

కాసేపటికి కాక ఫోన్ చేశాడు.

"నిజం చెప్పురా. ఆ ఆడోళ్లు షెడ్డు కాడ కూసున్నరు. నీ మిషనుదా తప్పు, వదిన చెయ్యిదా?"

ఆ వారమే కంపెనీలో నేను ఈ వెబ్‌సైట్ చూపించాలి.

"మిషన్‌కేం కాలే కాకా," అన్నాను.

వదినది తప్పని నేను అనలేదు. చాలా కాలం నాకు నేను చెప్పుకున్న సాకు ఇదే. కానీ రెండే జవాబులున్న ప్రశ్నలో ఒకదాన్ని కొట్టేస్తే, మిగిలినదాన్ని నేనే చెప్పినట్టు. కాక "సరే తీ," అని పెట్టేశాడు. చింతకాపు సేటుకే పోయింది.

ఫోన్ పెట్టేశాక తాళం వేశాను. కోడ్‌లో అది చిన్న మార్పు. ఇక ఎవరు ఎన్నిసార్లు చేసి చూసినా ఆ తప్పు మళ్లీ కనబడదు. కంపెనీలో చూపించాను, మెచ్చుకున్నారు, కొత్త ప్రాజెక్టులో వేశారు. అక్కడ నిత్యం ఆ భాషలోనే పని. ఆ పని మధ్యలో తాళం అన్న మాట ఎవరి నోట విన్నా నాకు చింతచెట్లే గుర్తొచ్చేవి. వదిలేసి పోదామంటే ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ఉద్యోగం ఇచ్చింది ఆ అబద్ధమే. ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

వెబ్‌సైట్‌లో పాడేవాళ్లూ, వదిన సెంటర్‌కు వచ్చేవాళ్లూ తగ్గారు. మొదట గూడెంవాళ్లు మానేశారు. తర్వాత మిగతావాళ్లు. పట్టా కాగితాల కోసం కొత్తగూడెం దాకా బస్సెక్కి పోయేవాళ్లు గానీ, నాలుగడుగుల దూరంలో ఉన్న ఆమె దగ్గరికి పోలేదు. సంతలో కూరగాయలు బేరం చేస్తుంటే వెనక ఎవరో, "జాగర్త, మింగుద్ది," అన్నారని అన్న చెప్పాడు. అన్న నన్ను ఏమీ అడగలేదు. తమ్ముడు చదువుకున్నోడు, తప్పు చేయడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎదురుగా కూర్చుని అన్నం తినడం నాకు కష్టంగా ఉండేది. పండగలకు పోవడం తగ్గించాను.

ఒకసారి వదినే అడిగింది. "ఆ కోడ్ నాకు చూపించు మరిదీ. ఎక్కడ పోయిందో చూస్తాను."

"అది గోలో ఉంది వదినా. నీకు అర్థం కాదు."

ఆమె నా మొహం వైపు చూసింది. "అవును. అందుకేగా," అన్నది.

ఆ రెండు మాటల్లో ఆమె ఎంత చెప్పిందో నాకు తెలుసు. చుట్టుపక్కల ఎవరూ చదవలేని భాష ఎంచుకున్నాను కాబట్టే నా తప్పును ఎవరూ చదవలేకపోయారు. మొదట్లో అది నాకు గొడుగులా అనిపించింది. తర్వాత తలుపు లేని గదిలా తయారైంది. వెబ్‌సైట్‌ను పీహెచ్‌పీలోకి మార్చి ఆమె చేతికిచ్చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. మారిస్తే అప్పుడెందుకు చాలదన్నావని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, ఎవరూ పాడని వెబ్‌సైట్‌ను రోజూ నడుపుతూ కూర్చున్నాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఈసారి ఫోను పాట వద్దు, పాత పద్ధతిలో నోటి పాటే పెట్టుకుందామని సంఘంలో అనుకున్నారు. పాటకు ముందు వదిన ఫోన్ చేసింది. "సెంటర్ ఎత్తేస్తున్నాను మరిదీ. కంప్యూటర్లు, ప్రింటరు పాటలో పెడుతున్నాం. లోపల జనం కాగితాలున్నాయి. వచ్చి అవన్నీ తుడిచిపెట్టు."

పోయాను. బల్ల ఖాళీగా ఉంది. ప్రింటరు మీద గుడ్డ కప్పి ఉంది. కంప్యూటర్ తెరిచి ఒక్కొక్కటే తీసేస్తుంటే, ఆమె అప్పుడు చేసిన నమూనా కనబడింది. తెరిచాను. ఎద్దు బొమ్మ, దాని కింద సారి అన్న బటన్. అలాగే ఉంది. నొక్కితే ఇప్పటికీ పనిచేస్తోంది.

వదిన నా వెనకే నిలబడి ఉంది. "నేను టైముకే కొట్టాను మరిదీ," అన్నది మెల్లగా. "ఆ మాట నాకొక్కదానికే తెలుసు. అదే నా ఖర్మ."

నాకూ తెలుసు వదినా అనాల్సింది పోయి, కుర్చీలోంచి లేచాను. "మిగతాది రేపు వచ్చి తుడుస్తా," అన్నాను.

"ఎప్పుడూ రేపేగా నీది," అని ఆమె నవ్వింది. నన్ను చూసి ఆమె నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. ఆ నవ్వు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

పాట రోజు షెడ్డు నిండింది. గూడెం ఆడవాళ్లు కూడా వచ్చారు, చింతకాపు కోసం. వదిన ఉన్న వైపు కాకుండా ఎదురు వైపు కూర్చున్నారు. మోటార్లు పోయాయి, మేకలు పోయాయి. వదిన వస్తువులు బయటికి తెచ్చారు. అన్న ఒక కంప్యూటర్ మోసుకొచ్చి కింద పెట్టి, దుమ్ము లేకపోయినా తుడిచాడు. వదిన ప్రింటరు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. పాల్వంచ నుంచి వచ్చిన ఒక జిరాక్స్ షాపాయన పాడాడు. ఇంకెవరూ పెంచలేదు.

"ఒకటోసారి! రెండోసారి!" అన్నాడు కాక.

నేను స్తంభానికి ఆనుకుని ఉన్నాను. చెప్పాలని పొద్దున ఖమ్మంలో బస్సెక్కేటప్పుడే అనుకున్నాను. మోటార్ల పాట అప్పుడు చెబుదామనుకున్నాను, తర్వాత మేకల పాట అయ్యాక అనుకున్నాను. ఇక మిగిలింది ఏమీ లేదు. కాక సారి అంటే ఆ సెంటర్ ఉండదు, నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే అవుతుంది.

"మూడో..."

కాక ఆగాడు. తల తిప్పి షెడ్డంతా చూస్తున్నాడు. ఆయన చూపు నా దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పైకి లేచి ఉంది.

"నువ్వు పాడుతున్నవా?" అన్నాడు ఆశ్చర్యంగా. "చెప్పు, ఎంత?"

"పాట కాదు కాకా. మాట."

"పాట నడుస్తుంటే మాటలేందిరా?"

"నువ్వు సారి అనకముందే చెప్పాలె." స్తంభం వదిలి ముందుకొచ్చాను. "పోయిన ఏడు చింతకాపు పాట వదిన మింగలే. ఆమె టైముకే కొట్టింది. నేను రాసిన దాంట్ల తప్పుంది, అది మింగింది. ఆ రోజే చేసి చూసిన, నాకు తెలుసు. నువ్వు ఫోన్ జేసి అడిగితే మిషన్‌కేం కాలేదని అబద్ధం చెప్పిన. పీహెచ్‌పీ మోయదని చెప్పింది గూడ అబద్ధమే. వదిన చేసిందే మనకు చాలు. నా నౌకరీ కోసం గట్ల చెప్పిన."

 ఎదురు వైపున గ్రూపు పెద్దామె పక్కనున్నవాళ్లకు తమ భాషలో ఏదో చెప్పింది. నేను ఆమె వైపు తిరిగాను. "అమ్మా, మీ కాపు మీకు దక్కకుండా పోయింది నా వల్ల. ఈ అక్క వల్ల కాదు."

అన్న ముఖం వైపు చూడలేకపోయాను. కాక నోట్లో సారి ఇంకా ఆగే ఉంది. ఆఫీసులో రోజుకు నాలుగుసార్లు సారీ అంటుంటాను, నోరు అలవాటుగా దాని వైపే పోయింది. దాన్ని ఆపుకుని, కంప్యూటర్లు దాటుకుని, వదిన ఎదురుగా పోయి నిలబడ్డాను.

"తప్పయింది వదినా. తెలిసి చేసిన. ఏడాది పొడుగున నిన్ను మాటలు పడనిచ్చి, నేను నోరు మూసుకుని కూసున్న. నన్ను మన్నించు."